సొరంగానికి అవతల ఐదేళ్లు

చరిత్ర చెప్పే పంతులునవుతానని నేను అన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. అలాగని సంతోషపడిందీ లేదు. గిద్దలూరులో మాది కిరాణా దుకాణం. దుకాణదారుడి కొడుకు లెక్కలు చెప్తానంటే నలుగురూ సబబే అనుకునేవాళ్లేమో. బెల్లం కోసం వచ్చిన ఒక రైతు మామ అయితే పైకే నవ్వాడు. "చరిత్ర చెప్పి ఏం చేస్తాడు శెట్టీ నీ కొడుకు? సచ్చిపోయినోళ్ల సంగతులే గదా" అన్నాడు. నాయన పొట్లానికి దారం చుడుతూ, "వానికి అదే పిచ్చిలే మామా" అన్నాడు. పిచ్చి అన్నందుకు ఆ రోజంతా నాయన మీద మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆయన ఆ మాట కాస్త గర్వంగానే అన్నట్టు గుర్తు.

బీఈడీ సీటు మార్కాపురంలో వచ్చింది. గిద్దలూరు నుంచి రైలుంది గానీ దాని టైము దానిది, కాలేజీ టైము కాలేజీది. పైగా స్టేషను ఒక చోట, ఊరు ఇంకో చోట. అందుకని ఊళ్లోనే మేడ మీద ఒక గది తీసుకున్నాను. ఇంటాయన ఒకప్పుడు పలకల వ్యాపారం చేసినవాడు. వ్యాపారం పోయినా పలకలు పోలేదు, మెట్ల కింద దొంతర్లుగా పేర్చి ఉండేవి. అందులో ఒకటి అడిగి తెచ్చుకుని, సాయంత్రాలు దాని మీద ముఖ్యాంశాలు రాసుకుంటూ గోడకు పాఠం చెప్పేవాణ్ణి. గోడను మించిన విద్యార్థి లేడు. అల్లరి చేయదు, నిద్రపోదు. కానీ పాఠం అయిపోయాక, "సరే, ఇంక అన్నం తిందాం పద" అనదు కూడా. ఆ గదిలో నాకు అన్నిటికంటే కష్టంగా ఉండింది ఆ ఒక్కటే.

ఒంటరిగా ఉండటం నాకు కొత్తేమీ కాదు. అయిదో తరగతి అయిపోగానే నాయన నన్ను నంద్యాలలో ఒక హాస్టలు బడిలో చేర్పించాడు. గిద్దలూరు వదిలి, దిగువమెట్ట దాటాక అడవి వస్తుంది, ఆ తర్వాత రైలు కొండలోకి దూరుతుంది. ఆ సొరంగంలో బోగీ అంతా చీకటయ్యేసరికి పిల్లలందరూ కేకలు పెట్టేవాళ్లు. నేను మాత్రం నాయన పంచె అంచు పట్టుకుని కూర్చునేవాణ్ణి. సొరంగం దాటితే మా ఊరు అయిపోయినట్టే అని నా లెక్క.

నాయన లెక్క వేరు. ఆయన దుకాణానికి సరుకు నంద్యాల నుంచే వచ్చేది. ఆయన పుట్టేనాటికి గిద్దలూరు, మార్కాపురం అన్నీ కర్నూలు జిల్లాలో ఉండేవి. తర్వాత ఒంగోలు వైపు కలిపారు. కాయితాల మీద కలిపారు గానీ మా ఇంట్లో ఎవరూ కలవలేదు. ఒంగోలు అంటే మావాళ్లకు ఎక్కడో సముద్రం పక్కనుండే ఊరు. మా అవ్వ అయితే ఇప్పటికీ ఎవరైనా ఏ జిల్లా అని అడిగితే, "కర్నూలు జిల్లా నాయనా" అంటుంది. అందుచేత నాయన దృష్టిలో నన్ను పరాయి ఊరికి పంపలేదు, పక్క వీధికి పంపాడు. వారం వారం సరుకుకు వచ్చి, లారీకి లోడు ఎత్తేలోపు హాస్టలుకు వచ్చి పోయేవాడు. చేతిలో చెక్కల పొట్లం పెట్టి, "మన ఊరే అనుకో రా, ఏడవగాకు" అనేవాడు. నేను ఏడ్చేవాణ్ణి. ఆయన లారీ దగ్గరికి వెళ్లిపోయేవాడు. ఆరు నుంచి పది దాకా, ఐదేళ్లూ ఇదే తంతు.

బీఈడీలో నాకు బాగా నచ్చింది టీచింగ్ ప్రాక్టీసు. ఊళ్లో ఒక ప్రభుత్వ బడికి మమ్మల్ని పంపారు. ఒకరు పాఠం చెబుతుంటే ఇంకొకరు వెనక బెంచీలో కూర్చుని అది ఎలా ఉందో చూడాలి. నా పాఠం చూడటానికి కొనకనమిట్ల వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి కుదిరింది. తెలివైనది, చురుకైనది. మొదటి రోజే నన్ను "అన్నా" అని పిలిచి, నా తలలో ఏవైనా ఆలోచనలుంటే వాటిని అక్కడికక్కడే సర్దేసింది. మిగతా వాళ్లతో నాకు పెద్దగా మాటలు లేవు. ఆ అమ్మాయి మాట్లాడితేనే ఆ రోజు నేను ఎవరితోనైనా మాట్లాడినట్టు.

ఆరో తరగతికి చరిత్ర ఆధారాల గురించి చెప్పాలి. పుస్తకంలో శాసనాలు, నాణేలు, తవ్వకాలు ఉన్నాయి. నాకు అది చాలలేదు. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను అడిగి, ఇప్పుడు లేని సంగతి ఒకటి తెలుసుకుని రమ్మని ముందు రోజు పిల్లలకు చెప్పాను. ఒకడు వాళ్ల తాత పలకల ఫ్యాక్టరీలో రాళ్లు కోసేవాడని చెప్పాడు. ఇంకొకడు ఎద్దుల బండి మీద పెళ్లికి పోయిన కథ తెచ్చాడు. చివర్లో ఒక పాప లేచింది.

"సార్, మా జేజి మనది కర్నూలు జిల్లా అంటాది సార్. మా నాయనేమో ఆమెకు మతి పోయింది అంటాడు."

క్లాసంతా నవ్వింది. "మీ జేజికి మతి పోలేదమ్మా. ఆమె చెప్పిందే నిజం" అన్నాను. బోర్డు మీద నల్లమల గీశాను, సొరంగం గీశాను, కొండకు అటు నంద్యాల, ఇటు గిద్దలూరు పెట్టాను. కలెక్టరుతో పనిపడితే మన పెద్దలు కొండ దాటి ఎలా పోయేవారో చెప్పాను. మా నాయన నన్ను చదువుకు కొండ అవతలికి ఎందుకు పంపాడో కూడా చెప్పాను. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. సోషల్ పీరియడ్‌లో గంట కొట్టినా లేవని పిల్లల్ని నేను అంతకు ముందు చూడలేదు. ఆ పాప, "మా నాయనకు చెప్తా సార్" అని ఎగురుతూ పోయింది. బతికితే ఇందుకే బతకాలి అనిపించింది.

మధ్యాహ్నం వరండాలో క్యారియర్లు విప్పుకుని కూర్చున్నాం. పాఠం బాగుందని ఆ అమ్మాయి అంటుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె గోంగూర పచ్చడి నా గిన్నెలో వేసి, "అన్నా, నంద్యాలలో ఏ క్లాసు నుంచి ఏ క్లాసు దాకా చదివినావు?" అని అడిగింది.

"ఆరు నుంచి పది."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "అయితే నువ్వు ఈడ నాన్ లోకల్ గదన్నా."

నాకు అర్థం కాలేదు. ఆమె చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పింది. "డీఎస్సీలో నాలుగు నుంచి పది దాకా ఎక్కువేండ్లు యాడ చదివింటే ఆ జిల్లాకే లోకల్. పోస్టులు శానా మటుకు లోకలోళ్లకే ఇస్తారు. మిగిలిన కొన్నిటికి అన్ని జిల్లాలోళ్లూ కొట్టుకోవాల."

"నేను పుట్టింది గిద్దలూరు. మా తాత పుట్టింది గిద్దలూరు."

"పుట్టింది ఎవురూ అడగరన్నా. చదివింది అడుగుతారు."

రాజ్యాల హద్దులు, ఒప్పందాలు, ఎవరు ఎవరికి ఏ ప్రాంతం ధారపోశారో అన్నీ నాకు కంఠతా వచ్చు. నా జిల్లా హద్దు నన్ను ఏ పక్కన పడేసిందో మాత్రం పచ్చడన్నం తింటూ ఒకరు చెబితే గానీ తెలియలేదు. ఆ రోజే నాకు ఒక సంగతి తేటగా తెలిసింది. నాకు ఉద్యోగం ఒక్కటే కాదు కావలసింది, సొరంగానికి ఇవతల ఉద్యోగం కావాలి. ఆ పాప జేజి లాంటి జేజిలుండే బడి కావాలి. పదేళ్ల వయసు నుంచి ఊరుగాని ఊళ్లలో ఉండి ఉండి నా ప్రాణం విసిగిపోయింది.

డీఎస్సీ పడింది. నంద్యాల ఉన్న కర్నూలు జిల్లాకు రాయమని తెలిసిన వాళ్లందరూ చెప్పారు. నేను మొండికేసి ఇక్కడే, నాన్ లోకల్‌గానే రాశాను. నా మార్కులు చూస్తే నాకే ముచ్చటేసింది. పోస్టు మాత్రం రాలేదు. కొనకనమిట్ల అమ్మాయికి కురిచేడు వైపు ఒక బడిలో వచ్చింది. ఫోన్ చేసింది గానీ ఆ సంతోషం గొంతులోకి రానివ్వడానికి భయపడుతోంది.

"నీకంటే నాకు తక్కువ మార్కులన్నా" అంది.

"నువ్వు లోకల్ గదమ్మా" అన్నాను.

స్వీట్లు తినిపించాలని నేను, తప్పకుండా తినిపిస్తానని ఆమె అన్నాం. ఆమెకు పెళ్లయింది, ఆ స్వీట్లు అలాగే ఉండిపోయాయి. ఆమె మీద నాకు అసూయ లేదని చెబితే అబద్ధం. ఉండేది, చాలా ఉండేది.

తర్వాతి డీఎస్సీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. పెద్దదోర్నాలలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. అక్కడ ఎవరికీ పేర్లుండవు. మ్యాథ్స్ సార్, తెలుగు మేడమ్, సోషల్ సార్, అంతే. నేను సోషల్ సార్‌ని. మ్యాథ్స్ సార్‌కు సిలబస్ ఎప్పుడూ అయ్యేది కాదు. "అన్నా, ఈ ఒక్క పీరియడ్ ఇస్తివంటే లెక్క పూర్తి చేస్తా" అని తలుపు దగ్గర నిలబడేవాడు. ఇచ్చేవాణ్ణి. ఆ ఒక్క పీరియడ్ ఏడాది పొడుగునా ఒక్కటే అయ్యేది. నా వాటాకు సాయంత్రం స్టడీ అవర్లు, బస్సు దగ్గర పిల్లల్ని ఎక్కించడం మిగిలేవి.

వేసవి వస్తే అడ్మిషన్ల కోసం ఊళ్ల మీద పడాలి. బడి రంగుల కరపత్రాలు పట్టుకుని మండుటెండలో గడప గడపకూ తిరగాలి. పిల్లల్ని తేలేకపోతే వచ్చే ఏడాది ఉద్యోగం ఉండదు. ఒక ఇంట్లో ఒక తల్లి మంచినీళ్లిచ్చి, "మీరేం చెప్తారు సారూ?" అని అడిగింది. సోషల్ అన్నాను. ఆమె నా వెనక్కి తొంగిచూసి, "ఇంగ్లీషు సారు రాలేదా?" అంది. నా పక్కనున్న తెలుగు మేడమ్ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది, ఆ ఇంటి నుంచి బయటికొచ్చాక పోయింది.

ఆదివారాలు ఇంకా కష్టం. దోర్నాల దారి మీద ఊరు. శ్రీశైలం పోయే బస్సులు, కార్లు ఆగుతాయి, జనం టిఫిన్ తింటారు, వెళ్లిపోతారు. నేను తినే హోటల్లో ఒకామె వడ్డించేది. నన్ను చూసినప్పుడల్లా, "శ్రీశైలం పోతున్నారా సామీ?" అనేది. లేదమ్మా, ఇక్కడే బడిలో పనిచేస్తానని చెప్పేవాణ్ణి. వచ్చే పోయే జనంలో ఆమెకు నా ముఖం నిలిచేది కాదు. ఒక ఆదివారం విసుగుపుట్టి, "ఆ, పోతున్నా" అన్నాను. ఆమె సంతోషంగా ఇంకో దోసె వేసింది. పై ఆదివారం మాత్రం ఎలాగో గుర్తుపట్టింది.

"దర్శనం బాగా అయిందా సామీ?"

"బాగా అయిందమ్మా."

"రష్షు ఉండెనా?"

"లేదు, తొందరగానే అయింది."

ఆ వారంలో బడి బయట నేను మాట్లాడిన మాటలు అవే. గదికి వచ్చి, చెయ్యని ప్రయాణం గురించి అంత చక్కగా ఎలా చెప్పానా అనుకున్నాను. నాకు దుఃఖం వచ్చింది. ఉన్న ఊళ్లో ఉన్నట్టు నమ్మించలేకపోయాను, పోని ఊరికి పోయినట్టు మాత్రం నమ్మించాను. ఇంతకంటే నాన్ లోకల్ ఏముంటుంది?

కరోనా అప్పుడు బడి మూతపడితే ఇంటికి వచ్చి దుకాణంలో కూర్చున్నాను, తెరిచాక మళ్లీ పోయాను. అలా ఏళ్లు గడిచాక రెండో డీఎస్సీ పడింది. అప్పటికి నంద్యాల వేరే జిల్లా అయినా, డీఎస్సీ మాత్రం పాత జిల్లాల లెక్కనే. గిద్దలూరు వచ్చాను. దుకాణంలో ఎవరూ లేని వేళ చూసి నాయన అన్నాడు.

"ఈసారన్నా కర్నూలుకు రాయి రా. ఆడ నువ్వు లోకల్ గదా."

అన్నేళ్లుగా నోట్లో దాచుకున్నదంతా బయటికి వచ్చేసింది. "నన్ను ఆడ లోకల్ చేసింది ఎవరు? ఈ ఊళ్లో బడి లేదా? ఊరి పిల్లలంతా ఈడ చదవలేదా? నన్నే ఎందుకు కొండ దాటించినావు?" అన్నాను. గొంతు పెద్దదైంది. లోపలి నుంచి అమ్మ తొంగిచూసి వెనక్కి పోయింది.

నాయన తక్కెడ పళ్లెం గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడిచాడు. "మన జిల్లానే అనుకుంటిని రా" అన్నాడు. "మా నాయన పోయింది అటే, నేను పోయింది అటే. వాళ్లు గీత గీసినారని తెలుసు. అది నీ ఉద్యోగానికి అడ్డం పడతాదని నాకెట్ల తెలుస్తాది?"

నేను చరిత్ర చదివినవాణ్ణి. గీత గీసేవాడు ఒకడు, దాని మీద కాలు పడేది ఇంకొకడిది అని పరీక్షల్లో పేజీలు పేజీలు రాసినవాణ్ణి. ఆ గీత మీద కాలు పడ్డ మనిషి నా ఎదురుగానే తక్కెడ తుడుస్తున్నాడు. ఆ సాయంత్రమే కర్నూలుకు అప్లై చేశాను.

ఈసారి వచ్చింది. స్కూల్ అసిస్టెంట్, సోషల్. ఊరు ఆదోని దాటాక, కన్నడ దేశానికి దగ్గర. కౌన్సెలింగ్‌లో నా వంతు వచ్చేసరికి అవే మిగిలాయి. ఇంట్లో చెబితే అమ్మ మొదట దేవుడికి చేతులు జోడించింది, తర్వాత ఎంత దూరమని అడిగింది. చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. మంచం మీద ఒత్తులు చేసుకుంటున్న అవ్వ ఒక్కతే ఏ బెంగా లేకుండా అంది.

"కర్నూలు జిల్లాలోనే గదా. మన జిల్లాలోనే వచ్చింది. ఇంకేందిరా మీ ఏడుపు?"

నాయన స్టేషనుకు వచ్చాడు. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి చెక్కల పొట్లం అందించి, "నంద్యాలలో దిగినాక అన్నం తిను" అన్నాడు. దిగువమెట్ట దాటింది, అడవి వచ్చింది, రైలు సొరంగంలో దూరింది. పక్క బోగీలో పిల్లలు కేకలు పెట్టారు. పట్టుకోవడానికి పంచె అంచు లేక పొట్లాన్నే ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. ఇంత వయసొచ్చినా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చీకటి కాబట్టి సరిపోయింది.

మర్నాడు ఆ ఊరు చేరి బడిలో అడుగుపెట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ప్రధానోపాధ్యాయుడు పెద్దాయన, నెమ్మదస్థుడు. నన్ను చూసి నిజంగానే సంతోషించాడు. చాలాకాలంగా సోషల్‌కు మనిషి లేడట. దూరం నుంచి వచ్చేవాళ్లు నిలవడం లేదట, వచ్చిన ఏడాదికే బదిలీ కోసం తిరుగుతారట. కుర్చీ చూపించి అడిగాడు.

"లోకలా సార్, నాన్ లోకలా?"

"లోకలే సార్" అన్నాను. ఆ మాట నా గురించి నేను అనడం జీవితంలో అదే మొదటిసారి. ఆ ఊళ్లో నాకు తెలిసిన మనిషి ఒక్కరు లేరు. తాగే నీళ్లు ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. కిటికీ బయట పిల్లలు మాట్లాడుకునేది సగం అర్థం కావడం లేదు.

ఆయన ముఖం విప్పారింది. "అయితే మనోళ్లే! యా ఊరు మీది?"

"గిద్దలూరు."

ఆయన ఆలోచించాడు. పక్కనున్న మేడమ్ వైపు చూశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. "గిద్దలూరా? అది యాడుంది సార్?"

ఒంగోలు జిల్లా అని చెప్పబోయాను. నోరు తెరిచేసరికి, ఒత్తులు చేసుకుంటూ కూర్చున్న మా అవ్వ మాటే బయటికి వచ్చింది.

"కొండకు అవతల సార్. అది కూడా మన జిల్లానే."